నాలుక కింద పది నిమిషాలు

నా మనవరాలు రూతు పొద్దున ఆరున్నరకు నోరు మూసుకుంటుందని నేను కనిపెట్టింది పోయిన ఎండాకాలం, భస్మ బుధవారం మర్నాడు. దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు నిండవస్తున్నాయి. అరుగు మీద కూర్చుని బొరుగులు తింటూ, బడిలో ఎవరో ఎవరి పలక పగలగొట్టారని వాగుతూ ఉన్న పిల్ల, మాట సగంలో ఆపేసింది. చేతిలో బొరుగులు చేతిలోనే ఉన్నాయి. పెదవులు కలిపి, గడ్డం కొంచెం దించి, నాలుక కింద ఏదో దాచుకున్నట్టు దవడ బిగించింది.

"ఏమే, నాలిక కరుచుకున్నావా?" అన్నాను.

పలకలేదు. కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. ఆ కళ్ళు పుట్టినప్పటి నుంచీ నిలకడగా ఉండవు, నల్లగుడ్లు సన్నగా అటూ ఇటూ ఆడుతుంటాయి, ఎడమది ముక్కు వైపు జారుతుంది. ఆ పొద్దు మాత్రం పది నిమిషాలు రెండూ కదలకుండా నన్నే చూశాయి. తర్వాత గుటక వేసింది. "ఆ పలక సువార్తది గదా అవ్వా" అంటూ ఆపిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకుంది. మధ్యలో ఏమీ జరగనట్టే బొరుగులు నోట్లో వేసుకుంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీలో పనిచేశాను. బేతంచెర్ల దగ్గర మా ఊళ్ళో ఈరోజు మీసాలు తిప్పే మగవాళ్ళందరినీ తక్కెడలో వేలాడదీసి తూచిన చేతులివి. విశ్వాసమ్మకు పిల్లల సంగతి తెలియదని ఎవరైనా అంటే వాళ్ళ నోరు మూయించేదాకా ఊరుకోను. కానీ ఆ దవడ బిగింపు నాకు తెలుసు. అది రూతుది కాదు, వాళ్ళమ్మది.

వాళ్ళమ్మ రెజీనా, నా కోడలు. నాపరాళ్ళ పాలిషు ఫ్యాక్టరీలో బండలు మోసేది. పెళ్ళయిన రెండో ఏడు బండ జారి నడుము మీద పడింది. ఒక ఆర్‌ఎంపీ డాక్టరు నొప్పి తెలియకుండా సూదులు వేశాడు, తర్వాత గొట్టం మాత్రలు ఇచ్చాడు. నొప్పి పోయింది గానీ మాత్రలు పోలేదు. రోజుకు పదహారు మింగే కాడికి వచ్చాక నా కొడుకు ఏసుబాబు ఆమెను కర్నూల్లో మత్తు మాన్పించే ఆసుపత్రిలో చేర్పించాడు. అక్కడ రోజుకొకసారి నాలుక కింద పెట్టుకోమని చిన్న తెల్లమాత్ర రాశారు. అది కరిగేదాకా పది నిమిషాలు మాట్లాడకూడదు, గుటక వేయకూడదు. నెల తిరక్కుండా మనిషి మళ్ళీ మనిషయింది. ఆ మాత్ర మీద ఉండగానే కడుపొచ్చింది.

"మాత్ర మాత్రం ఆపొద్దు, ఆపితేనే తల్లికీ బిడ్డకీ ప్రమాదం" అని డాక్టర్లు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారు. నేను పక్కనే ఉండి విన్నాను. విని పక్కన పడేశాను. ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పేదాన్ని నేను, నాకు వీళ్ళు చెప్పేదేంటి అనుకున్నాను. ఏడో నెలలో, మంచి శుక్రవారానికి ముందురోజు, మాత్రలు తీసుకెళ్ళి నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాను. ఆ మూడు రోజులూ రెజీనా ఏప్రిల్ ఎండలో మూడు దుప్పట్లు కప్పుకుని వణికింది. ఈస్టరు పొద్దున ఆమె ముఖం తేటపడింది. చర్చిలో నేను లేచి నిలబడి, నా కోడలికి మాత్రల నుంచి విడుదల కలిగిందని సాక్ష్యం చెప్పాను. సంఘమంతా చప్పట్లు కొట్టారు. ఇక్కడ ఒక మాట మింగుతున్నాను. ముందుకు పోయాక అది కూడా చెప్తాను.

రెండు వారాలకు, నెలలు నిండకుండానే రూతు పుట్టింది. కాళ్ళూ చేతులూ వణుకు, కీచుమని ఆగని ఏడుపు. ఇరవై నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. ఇంటికొచ్చాక రెజీనా "మాత్రలు మానేసినా అత్తా" అంది. మంచిది అన్నాను. అప్పటి నుంచి రూతు నడక ఆలస్యమైనా, అక్షరాలు కూడబలుక్కున్నా, ఆ మాత్రల పుణ్యమే అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేదాన్ని. రెజీనా వింటూ అంట్లు తోముకునేది.

*

నేను పనిలో ఉన్నప్పటి అలవాటు పోలేదు. చర్చి కేలండరు మీద రూతు నోరు మూసిన టైము రోజూ పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను. ఆరున్నర, ఆరున్నర, ఆరు ముప్పై రెండు, ఆరున్నర. ఆ టైముకు ఏసుబాబు ఫ్యాక్టరీలో ఉంటాడు. రెజీనా దొడ్లో, నాపబండలు నిలబెట్టి కట్టిన స్నానాలగదిలో ఉంటుంది. అరుగు మీద నేనూ రూతూ తప్ప ఎవరూ ఉండం. పిల్ల ముందు ఎంత వింత చేసినా, చేతులు చరిచినా, చక్కిలిగిలి పెట్టినా పలికేది కాదు. నాకు కోపం కూడా వచ్చింది. కోపం కింద భయం ఉందని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఒక మంగళవారం మాత్రం పొద్దున అసలు ఆగలేదు. బడికి పోయేదాకా వాగుతూనే ఉంది. హమ్మయ్య, పోయింది అనుకున్నాను. మధ్యాహ్నం ఒంటిపూట బడి వదిలాక టీచరు తిరుపతమ్మ దాని చెయ్యి పట్టుకుని మా ఇంటిదాకా వచ్చింది.

"విశ్వాసమ్మా, పిల్లకు కండ్లు శానా ఆడతాండాయి. బోర్డు మీద రాసింది ఆనడంల్యా. బడికొచ్చిన కండ్ల డాక్టర్లు పరీక్ష చేసి చీటీ ఇచ్చినారు, కర్నూల్లో చూపించండి. ఈస్టరు ముందు శనివారం రమ్మన్నారు." చీటీ నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించింది. "ఇంకోటి. పదకొండు గంటలప్పుడు పేరు పిలిస్తే పలకల్యా. నోరు బిగబట్టుకొని కూచునింది. పిల్లోళ్ళంతా బిత్తరపోయి చూస్తా ఉండిరి. యాన్నన్నా చూపించినారా?"

"గాలి తగిలినాదని నువ్వూ అంటావా టీచరమ్మా?"

"నేనేమంటా లేమ్మా. నాకే భయమేసినాది."

ఆ టైము కూడా కేలండరులో రాశాను. రెండు వారాల తర్వాత ఇంకో మంగళవారం కూడా అంతే, పొద్దున ఆగలేదు, బడిలో పదకొండూ పదికి ఆగింది. కేలండరు ముందు నిలబడి ఆ రెండు మంగళవారాలనూ చాలాసేపు చూశాను. రెండు వారాలకొక మంగళవారం రెజీనా నడుముకు కసరత్తు చేయించుకోవాలని కర్నూలు పోతుంది. ఎన్నో ఏళ్ళుగా పోతూనే ఉంది. ఏనాడూ నేను ఏ ఆసుపత్రికని అడగలేదు.

మట్టల ఆదివారం దాటిన మంగళవారం రెజీనా ఎప్పటిలాగే ఏడు గంటల బస్సుకు వెళ్ళింది. రూతు పదకొండున్నరకు బడి నుంచి వెనక్కి వచ్చేసింది. చలేస్తోందంట. నుదురు పట్టి చూశాను, జ్వరం లేదు. బయట నాపరాళ్ళు కాలిపోతున్నాయి, చేతుల మీద చూస్తే రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఆవులింత మీద ఆవులింత. ముక్కు కారుతోంది. దుప్పటి కప్పాను, ఇంకొకటి కప్పాను. మూడో దుప్పటి తీస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆ మంచం, ఆ దుప్పట్లు, ఆ వణుకు నాకు కొత్త కాదు.

పన్నెండు గంటల ఇరవై అయిదుకు పిల్ల లేచి కూర్చుంది. పెదవులు కలిపింది. పది నిమిషాలు కదల్లేదు. నేను చూస్తుండగానే చేతుల మీద రోమాలు ఒక్కొక్కటిగా అణిగిపోయాయి. గుటక వేసి, "ఆకలైతాండాదవ్వా" అంది.

సాయంత్రం రెజీనా వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఏం, శానా ఆలస్యమైనాది?"

"వెల్దుర్తి కాడ బస్సు చెడిపోయినాది అత్తా. మూడు గంటలు రోడ్డు మీదనే ఉంటిమి. ఆసుపత్రికి పోయేసరికి పన్నెండు దాటినాది."

"పన్నెండూ ఇరవైయేనా?"

చెప్పులు విప్పుతున్న రెజీనా తలెత్తింది. నేను టైము ఎందుకు అడిగానో ఆమెకు తెలియదు. కానీ అడిగిన గొంతు విని తెల్లబోయింది. "అంతే ఉంటాది" అని లోపలికి వెళ్ళిపోయింది.

*

బుధవారం ఆమె నీళ్ళకు పోయినప్పుడు నేను స్నానాలగదిలో వెతికాను. రెండు బండల సందులో, గుడ్డలో చుట్టి, మాత్రల అట్ట దొరికింది. ఆ తెల్లమాత్రలను ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఇట్టే గుర్తుపట్టాను. కర్నూలు పోయే మంగళవారాల్లో మాత్రం ఆసుపత్రిలోనే వేసుకుంటుందని, అందుకే పిల్ల టైము మారేదని అప్పుడు అర్థమైంది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. సంఘం ముందు నేను సాక్ష్యం చెప్పాను, ఇది నా నెత్తి మీద కూర్చుని ఇన్నేళ్ళూ దొంగచాటుగా వేసుకుంటూ ఉంది. ఇంకా పాడు ఆలోచన కూడా వచ్చింది. ఈ మాత్ర తల్లి లోపలికి పోతున్నంతకాలం పిల్లను వదలదు. గురువారం, శుక్రవారం, శనివారం. మళ్ళీ మూడు రోజులు. ఈసారి నేను గట్టిగా నిలబడితే ఈస్టరుకు ఇద్దరూ బాగుపడతారు. అట్టను బొడ్లో దోపుకున్నాను. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, ప్రార్థనలో కూడా పైకి అనలేదు.

గురువారం ఆరున్నరకు రెజీనా స్నానాలగదిలోకి వెళ్ళింది. బండ కదిలిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి బయటికి వచ్చి, గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. అడగలేదు. ఎనిమిదేళ్ళ కింద ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది. ఇప్పుడు అడగను కూడా అడగకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. గిన్నె అంచుకు గాజులు టకటకమని తగులుతూనే ఉన్నాయి.

రూతు ఆ పొద్దు నోరు మూయలేదు. అరుగు చివర నుంచి జరుగుతూ జరుగుతూ వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది. దాని చెయ్యి నా చేతికి తగిలితే కుండలో నీళ్ళు తగిలినట్టయింది.

"మూడు దినాలు వద్దవ్వా" అంది. "శానా చలి."

"ఏం మూడు దినాలే?"

"పోయినసారి మాదిరి."

"పోయినసారి యెప్పుడే?"

అది ఆలోచించింది. ఎడమ కన్ను ముక్కు వైపు జారింది.

"చీకటిగా ఉన్న్యప్పుడు. అమ్మ అరుస్తాంటే నువ్వు పాటలు పాడతానే ఉంటివి."

పాడాను. ఆ మాట భూమ్మీద నేనెవరికీ చెప్పలేదు. రెజీనా మూలుగు పక్కింటికి వినపడకుండా ఆ మూడు రోజులూ గొంతెత్తి పాటలు పాడాను. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఏసుబాబు ఆ వారమంతా ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేస్తూ అక్కడే పడుకున్నాడు. రెజీనా చెప్పి ఉండొచ్చని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకుంటాను. కానీ అట్ట నా దగ్గరుందని రెజీనా ఊహించినా, ఈసారీ మూడు రోజులని నేను ఎవరితోనూ అనలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళి అట్ట తీసి రెజీనా తడిచేతిలో పెట్టాను. ఆమె ఒక మాత్ర చింపి, నా ఎదురుగానే నాలుక కింద పెట్టుకుని, పొయ్యి ముందు కూర్చుంది. రూతు వచ్చి ఆమె పక్కన కూర్చుని పెదవులు కలిపింది. పది నిమిషాలు ఇద్దరూ ఒకేలాగా నన్ను చూస్తూ ఉన్నారు. బియ్యం నీళ్ళలో నానుతూ ఉంది.

*

శనివారం ముగ్గురం కర్నూలు పోయాం. కళ్ళు చూసినాయన అద్దాలు రాసి, బాగున్న కంటికి రోజూ రెండు గంటలు గుడ్డ కట్టమని చెప్పి, పుట్టుక సంగతి అడిగి పిల్లల డాక్టరు దగ్గరికి పంపాడు. ఆమె పేరు లక్ష్మీప్రియ. చిన్నవయసు మనిషి. రూతు తల చుట్టుకొలత కొలిచింది, ఒంటికాలి మీద నిలబెట్టింది, బొమ్మలు చూపించి కథ చెప్పించుకుంది. బరువు చూసేటప్పుడు నేను అంకె చెప్పేలోపే ఆమె చెప్పేసింది, అది నాకు నచ్చలేదు.

"కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా మందులు వాడావా అమ్మా?"

రెజీనా అంతా చెప్పింది. ఇప్పటికీ వేసుకుంటున్నానని కూడా చెప్పింది.

"మంచిపని చేశావు. ఆ మాత్ర మీద ఉన్న తల్లుల పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. చాలామంది మిగతా పిల్లల్లాగే ఉన్నారు. కొందరికి కళ్ళు ఇలా ఉంటాయి, కొందరికి చదువు మీద ధ్యాస నిలవదు. అది మాత్ర వల్లా, నెలలు నిండకపోవడం వల్లా, ఇంట్లో కష్టం వల్లా అంటే విడదీసి చెప్పడం కష్టం. ఏటా చూపిస్తూ ఉండండి, చాలు." కాగితం మీద రాస్తూ అడిగింది. "కడుపుతో ఉన్నప్పుడు ఎప్పుడైనా మాత్ర ఉన్నట్టుండి ఆపావా?"

"లేదు మేడం" అంది రెజీనా. "ఒక్క పూట గూడా మానలేదు."

ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. ఎనిమిదేళ్ళుగా నేను ఆమె మీద వేస్తూ వచ్చిన తప్పు తన ఒళ్ళోనే పెట్టుకుని, నన్ను దాటేసి మాట్లాడింది. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

"ఆపింది నేనమ్మా" అన్నాను. "మూడు దినాలు. పెట్టెలో పెట్టి తాళమేసినా."

డాక్టరు పెన్ను ఆగింది. అప్పుడు ఆ మింగిన మాట బయటికి వచ్చింది. మూడో రోజు సాయంత్రం కడుపులో బిడ్డ కదలడం ఆగిపోయింది. నేను చెయ్యి పెట్టి చూశాను, ముప్పై ఏళ్ళు వందల కడుపుల మీద పెట్టిన చెయ్యి. ఏమీ తగల్లేదు. తెల్లవారుజామున భయపడి తాళం తీసి, నా చేత్తోనే మాత్ర ఆమె నాలుక కింద పెట్టాను. చర్చికి పోయేలోపు కడుపులో బిడ్డ తన్నింది. ఆ తేటపడిన ముఖాన్నే సంఘానికి చూపించి విడుదల అన్నాను. ఆమె నోట్లో మాత్ర చేదు ఇంకా పోయి ఉండదు.

"దాని వల్లేనా బిడ్డ ఇట్ల పుట్టినాది?"

"అప్పుడు లోపల ఏం జరిగిందో ఇప్పుడు ఎవరం చెప్పలేం అవ్వా" అంది డాక్టరు. "చేయకుండా ఉండాల్సింది." అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం ఏసుబాబుకు చెప్పాను. వాడు కళ్ళ మీద రాతిదుమ్ము కడుక్కుంటూ విన్నాడు.

"మాత్రలు ఏస్కుంటాండాదని నాకు తెలుసు మా" అన్నాడు. "నీకే చెప్పల్యా. మళ్ళా తాళమేస్తావని ఆయమ్మికి భయం."

*

ఈస్టరు పొద్దున సంఘపెద్ద శాంతయ్య సాక్ష్యాలు ఎవరివైనా ఉన్నాయా అని అడిగి, అలవాటుగా నా వైపే చూశాడు. నేను లేచాను.

"ఎనిమిదేండ్ల కింద ఈడ నిలబడి నేను చెప్పింది అబద్ధం" అన్నాను. "నా కోడలు రెజీనా మందు ఏస్కోని బాగుపడినాది, ఇప్పుడు గూడా ఏస్కుంటాండాది. ఆ మందు ఆపి బిడ్డను వణికించింది నేను. ఇంగ మీద ఎవరన్నా మాట అనేదుంటే నన్నే అనండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళ వరసలో రెజీనా ఒళ్ళో ఉన్న బైబిలు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది, కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు. శాంతయ్య దగ్గి, తర్వాతి పాట నంబరు చెప్పాడు.

సోమవారం ఆరున్నరకు రెజీనా స్నానాలగదిలోకి పోలేదు. అరుగు మీదికి వచ్చి, నా ఎదురుగా, వీధిలో పోయేవాళ్ళకు కనపడేలా కూర్చుని మాత్ర నాలుక కింద పెట్టుకుంది. నేను రూతు వైపు చూశాను. అది వాగుతూనే ఉంది. కొత్త అద్దాలు ఏ రంగు కావాలో, ఎర్రవైతే సువార్త ఏమంటుందో, బొరుగులు నములుతూ ఒక్క క్షణం కూడా ఆగకుండా చెప్పుకుపోతోంది. పోయింది, పిల్లను వదిలింది. ప్రభువా అని పైకి అనబోయాను.

నోరు తెరుచుకోలేదు.

నాలుక కింద ఏదో చేదుగా, మెల్లగా కరుగుతోంది. దవడ దానంతట అదే బిగుసుకుంది. ఏప్రిల్ నెల, అప్పుడే ఎండ అరుగు ఎక్కింది, నా చేతుల మీద రోమాలు నిలబడ్డాయి. ఎదురుగా రెజీనా కదలకుండా నన్నే చూస్తోంది. నాకు ఏమైందో ఆమెకు తెలిసింది. ఆమె కళ్ళలో నేను అనుకున్నది ఏదీ లేదు, జాలి ఉంది.

రూతు మాట ఆపి నన్ను చూసింది. లోపలికి వెళ్ళి, తనకంటే పొడుగైన దుప్పటిని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి, నా భుజాల చుట్టూ కప్పింది.

"పది నిమిషాలే అవ్వా" అంది. "తగ్గిపోతాది. నేను ఈడనే ఉంటా."